ఇత్తడి విగ్రహం గట్టిదా, గుల్లదా? నీళ్లతో ఘనపరిమాణం కొలవడం ఎలా?

తార్నాక_సాయి:
బేగంబజార్‌లో కొన్న ఇత్తడి వినాయకుడు, 640 గ్రాములు. అడుగు మూసేసి ఉంది. లోపల అంతా ఇత్తడేనా, లక్కో సిమెంటో నింపారా? గీతలున్న లీటరు జగ్గులో ముంచి చూస్తే ఓసారి 70 మి.లీ., ఓసారి 90 వస్తోంది. ఏది నమ్మాలి?

మౌలాలి_మాస్టారు:
రెండూ వద్దు. జగ్గు 10 సెం.మీ. వెడల్పుంటే మట్టం ఒక్క మి.మీ. అటూఇటూ చదివినా దాదాపు 8 మి.లీ. తేడా. మట్టం చూడటం మానేసి తూకం వేయండి.

వంటింటి డిజిటల్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి, టేర్ నొక్కి సున్నా చేయండి. విగ్రహాన్ని సన్న నైలాన్ దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకీ అంచుకీ తగలకూడదు, తగిలితే విగ్రహం బరువు కాటా మీద పడుతుంది. అప్పుడు కనిపించే గ్రాములే అది తోసిన నీళ్ల బరువు, అవే మి.లీ.లు. నిజానికి 30 డిగ్రీల దగ్గర మి.లీ. నీళ్లు 0.9957 గ్రాములే తూగుతాయి కానీ, ఒక గ్రాము మెట్టుతో చూపే కాటాకి ఆ సవరణ దండగ.

ఇత్తడి సాంద్రత మి.లీ.కి సుమారు 8.4–8.7 గ్రాములు. గట్టిదైతే మీ 640 గ్రాములకి 74–76 మి.లీ. రావాలి.

కాటాబాబు:
బుడగలు మర్చిపోవద్దు అన్నా. తొండం కింద, చెవుల వెనక గాలి ఇరుక్కుంటే ఘనపరిమాణం ఎక్కువ వచ్చి గట్టిది కూడా గుల్లలా కనిపిస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్, పాత టూత్‌బ్రష్. ఇంకోటి, మరీ నెమ్మదిగా దించకండి. కొన్ని కాటాలు మెల్లగా పెరిగే బరువుని వాటంతటవే సున్నా చేసేస్తాయి.

తార్నాక_సాయి:
బ్రష్ చేశాక కూడా 81 వస్తోందండి. సాంద్రత 7.9 అన్నమాట.

మౌలాలి_మాస్టారు:
లోపల వట్టి ఖాళీ అయితే అది సుమారు 5–7 మి.లీ. లక్క నింపి ఉంటే అది ఇంకాస్త ఎక్కువ చోటు పట్టి ఉంటుంది. పోతలో గాలి రంధ్రాలున్నా ఇలాగే వస్తుంది. ఇనుము 7.87 కాబట్టి అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే ఇనుము సంగతి తేలిపోతుంది. జింకు 7.14, అది ఎక్కువ కలిపినా సాంద్రత దిగుతుంది. వీటిలో ఏదన్నది ఈ పద్ధతి చెప్పదు.

నాంపల్లి_22:
ఇదే కాటాతో బంగారు ఉంగరం చూడొచ్చా?

కాటాబాబు:
4 గ్రాముల 22 క్యారెట్ ఉంగరం తోసేది 0.22 గ్రాముల నీళ్లు. మీ కాటా సున్నా చూపిస్తుంది. 0.01 గ్రాము చూపే కాటా కావాలి, దాంతో కూడా 22కీ 18కీ తేడా తెలుస్తుందే కానీ 22కీ 21కీ తెలియదు. రాళ్లున్న ఉంగరమైతే అసలు వద్దు.