తెలుగు వత్తుల కోసం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంతంగా బిల్డ్ చేశా, ఇప్పుడు అసలు రన్ కావట్లేదు

ప్రశ్న

ఉబుంటు 22.04 వాడుతున్నాను. మా ఊరి భజన మండలి వీడియోల కింద పల్లవి తెలుగులో వేయాలి. ఉబుంటుతో వచ్చే వీడియో ప్రోగ్రాం ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 4.4లో, వీడియో మీద అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌తో వేస్తే వత్తులన్నీ విడిపోతున్నాయి. ‘స్త్రీ’ అని ఇస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం దేనికదే వరసగా పడుతోంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. 6.1లో డ్రాటెక్స్ట్‌కి హార్ఫ్‌బజ్ (అక్షరాలను కలిపి వత్తులు సరిగ్గా పేర్చే లైబ్రరీ) కలిపారని తెలిసి సోర్స్ దింపుకుని, --ఎనేబుల్-షేర్డ్ (లైబ్రరీలను విడి ఫైళ్లుగా ఉంచే ఆప్షన్) కూడా పెట్టి, కాన్ఫిగర్, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్ కొట్టాను. ఇప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని కొట్టగానే లిబ్‌ఏవీడివైస్ ఎస్ఓ 60 అనే లైబ్రరీ ఫైలు దొరకలేదని ఆగిపోతోంది. సోర్స్ ఫోల్డర్ డిలీట్ చేసేశాను. /యూఎస్‌ఆర్/లోకల్ మొత్తం తీసేస్తే పాతది తిరిగొస్తుందా? ఆదివారంలోపు వీడియో ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

/యూఎస్‌ఆర్/లోకల్ మొత్తం మాత్రం తీసేయకండి, మీరు పెట్టుకున్న వేరేవి కూడా అందులో ఉంటాయి. పాతది ఎక్కడికీ పోలేదు, /యూఎస్‌ఆర్/బిన్‌లో అలాగే ఉంది. కమాండ్ కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల వరసలో (పాత్) /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ ముందుంటుంది కాబట్టి కొత్తది ముందు దొరుకుతోంది, అంతే. ‘టైప్ -ఏ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్’ కొట్టండి, రెండూ కనిపిస్తాయి. ఆ ఎర్రర్ పోవడానికి ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ ఒక్కసారి కొడితే చాలు, కొత్త లైబ్రరీలు వచ్చాయని సిస్టమ్‌కి అప్పటిదాకా తెలీదు. పాత లైబ్రరీల నంబర్లు వేరు (లిబ్‌ఏవీడివైస్‌ది 58, మీది 60), కాబట్టి వీఎల్‌సీ లాంటివి పాడవుతాయని భయం వద్దు.

పూర్తిగా తీసేయాలంటే అదే 6.1 సోర్స్ మళ్లీ దింపి, అవే ఆప్షన్లతో కాన్ఫిగర్ చేసి ‘సుడో మేక్ అన్ఇన్‌స్టాల్’ కొట్టండి. పెట్టినవి ఏవో అవే పోతాయి.

జవాబు 2

పై ఆయన చెప్పింది కరెక్ట్. నేను చెప్పేది మళ్లీ బిల్డ్ చేసేటప్పటి సంగతి. మేక్ ఇన్‌స్టాల్‌తో పెట్టింది ఉబుంటు ప్యాకేజీ మేనేజర్ ఏపీటీకి అసలు కనిపించదు, ఆర్నెల్ల తర్వాత ఏ ఫైలు ఎక్కడిదో మీకే గుర్తుండదు. అందుకని కాన్ఫిగర్‌లో --ప్రిఫిక్స్=/ఆప్ట్/ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్61 ఇవ్వండి, షేర్డ్ తీసేయండి. అది లేకపోతే లిబ్‌ఏవీ లైబ్రరీలన్నీ ఒకే బైనరీలో కలిసిపోతాయి, ఈ ఎస్ఓ గొడవే ఉండదు. చివర్లో మేక్ ఇన్‌స్టాల్ బదులు ‘సుడో చెక్‌ఇన్‌స్టాల్’ కొడితే డెబ్ ప్యాకేజీ తయారై ఇన్‌స్టాల్ అవుతుంది, వద్దనుకున్నప్పుడు ఏపీటీ రిమూవ్‌తో పోతుంది. పేరు అడిగినప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని మాత్రం ఇవ్వకండి, ఉబుంటు ప్యాకేజీ పేరు కూడా అదే, దాని స్థానంలో ఇది కూర్చుంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్-లోకల్ అనో ఇంకోటో పెట్టండి.

ఇంకోటి, సొంత బిల్డ్‌లో బయటి లైబ్రరీల్లో చాలావరకు మీరు అడిగినవే ఉంటాయి. ఫ్రీటైప్, ఫాంట్‌కాన్ఫిగ్, హార్ఫ్‌బజ్ మూడింటికీ -డెవ్ ప్యాకేజీలు (బిల్డ్‌కి కావాల్సిన ఫైళ్లు) ముందే పెట్టుకోవాలి. ఎక్స్264 (వీడియో ఎన్‌కోడర్) కావాలంటే --ఎనేబుల్-జీపీఎల్, --ఎనేబుల్-లిబ్‌ఎక్స్264 రెండూ ఇవ్వాలి. నేను మొదటిసారి రెండోది మర్చిపోయి, గంటసేపు కంపైల్ అయ్యాక ‘అన్‌నోన్ ఎన్‌కోడర్’ అని వస్తే మళ్లీ మొదటి నుంచి చేశాను.

జవాబు 3

ఆదివారం పనికి ఇవేవీ అక్కర్లేదండీ. పల్లవిని ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్లో యూటీఎఫ్-8లో రాసుకుని, డ్రాటెక్స్ట్ బదులు సబ్‌టైటిల్స్ ఫిల్టర్ వాడండి. అది సబ్‌టైటిల్స్ గీసే లిబ్‌ఏఎస్ఎస్ లైబ్రరీ మీద నడుస్తుంది, అందులో హార్ఫ్‌బజ్ ఎప్పటినుంచో ఉంది. మీ పాత 4.4తోనే వత్తులు సరిగ్గా పడతాయి. ఆ ఫిల్టర్ ఫోర్స్ స్టైల్ ఆప్షన్‌లో ఫాంట్ పేరు నోటో సాన్స్ తెలుగు అని ఇవ్వండి.

అడిగినవారు

సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో ‘స్త్రీ’, ‘లక్ష్మీ’ రెండూ చక్కగా వచ్చాయి, ‘క్ష్మీ’లో మ వత్తు కూడా సరిగ్గా కింద కూర్చుంది. అందరికీ చాలా థ్యాంక్స్. మేక్ అన్ఇన్‌స్టాల్ కూడా అయింది, కానీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కొడితే ఇంకా /యూఎస్‌ఆర్/లోకల్/బిన్‌లో ఆ ఫైలు లేదనే అంటోంది?

జవాబు 1

టెర్మినల్‌లో కమాండ్లు నడిపే బ్యాష్ పాత దారి గుర్తుపెట్టుకుంది. ‘హ్యాష్ -ఆర్’ కొట్టండి, లేదా టెర్మినల్ మూసి మళ్లీ తెరవండి.