పోర్ట్రెయిట్ ఫోటోలకు ముందుగా ఏది కొనాలి: లెన్సా, లైటా?

రాయగడ కొత్త కెమెరా:
అందరికీ నమస్కారం. ఏడాదిగా కెమెరాతో పాటు వచ్చిన లెన్సుతోనే ఇంట్లోవాళ్లను తీస్తున్నాను. ఇప్పుడు చేతిలో 35,000 రూపాయలు ఉన్నాయి. దూరం నుంచే ముఖం నిండుగా తీసే 85 ఎంఎం లెన్సు కొనాలా, లేక ఫ్లాషూ, దాని వెలుతురును మెత్తగా పరిచే గొడుగూ, స్టాండూ కొనాలా? రాయగడలో అడగడానికి నాకు తెలిసినవారు లేరు.

గుణుపురం మాస్టారు:
ఏదీ కొనకండి బాబూ. మీ ఇంటికి వీధి తలుపు ఉంటుంది కదా. ఎండ నేరుగా పడని వేళ చూసుకుని, తలుపు పక్కనే పీట వేసి మనిషిని కూర్చోబెట్టండి. ముఖం కొద్దిగా వెలుతురు వైపు తిప్పించండి. నీడ పడిన చెంప వైపు తెల్లని థర్మోకోల్ అట్ట పెట్టండి. కంటి నల్లగుడ్డు మీద తలుపు ఆకారంలో చిన్న మెరుపు కనిపించేదాకా గడ్డం ఎత్తించండి. అది లేని కన్ను ప్రాణం లేనట్టు ఉంటుంది. వెలుతురు మెత్తగా పడాలంటే అది వచ్చే చోటు మనిషికి దగ్గరగా, పెద్దగా ఉండాలి. అదే మనిషిని గది చివరకు జరిపితే ఆ తలుపే చిన్నదైపోతుంది, నీడ అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. పదిహేనేళ్లుగా 50 ఎంఎం లెన్సు ఒక్కదానితోనే తీస్తున్నాను. వెలుతురు దేవుడిచ్చింది, దానికి బిల్లు లేదు.

బరంపురం స్టూడియో:
మాస్టారు గారూ, రాత్రి రెండు గంటల ముహూర్తానికి మీ తలుపులోంచి ఏ వెలుతురు వస్తుంది? పెళ్లికూతురిని పీటల మీదికి తీసుకెళ్లే ముందు నాకు దొరికేది పది నిమిషాలు. గదిలో ఒక మూల పసుపు బల్బు, ఇంకొక మూల తెల్ల ట్యూబులైటు. ఒక చెంప పచ్చగా, రెండో చెంప నీలంగా వస్తుంది. నేరుగా ఫ్లాష్ కొడితే పట్టుచీర జరీ అంతా తెల్లని మరకైపోతుంది. గొడుగులోకి తిప్పి, పక్క నుంచి, మీటరున్నర దూరంలో పెడితేనే అంచులో పోగు పోగూ కనిపిస్తుంది. లైటుకూ మనిషికీ మధ్య దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క చేతికి అలవాటు కావడానికి నాకు రెండు పెళ్లి సీజన్లు పట్టింది. తమ్ముడూ, ముందు లైటు కొనుక్కో.

పర్లాకిమిడి 85:
లెన్సే కొనండి. 50తో ముఖం నిండుగా తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది.

గుణుపురం మాస్టారు:
ముక్కు పెద్దదయ్యేది లెన్సు వల్ల కాదు, దగ్గరికి వెళ్లడం వల్ల. నిలబడిన చోటు మారకుండా రెండు లెన్సులతోనూ తీసి, 50 ఫోటోను కత్తిరించి పక్కపక్కన పెట్టి చూడండి. ముక్కు ఒక్కలాగే ఉంటుంది.

పర్లాకిమిడి 85:
కత్తిరిస్తే పిక్సెళ్లు పోవా? 85 ఉంటే దూరంగా నిలబడతాం కాబట్టి ముక్కు సరిగ్గా వస్తుంది. అంటే లెన్సు వల్లే కదా.

గుణుపురం మాస్టారు:
దూరం వల్ల.

పర్లాకిమిడి 85:
ఆ దూరంలో నిలబెట్టేది లెన్సే.

రాయగడ కొత్త కెమెరా:
ముక్కు సంగతి అర్థమైంది. లైటు కొనాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

గుణుపురం మాస్టారు:
రాజా దీన్ దయాళ్ (1844–1905) పేరు విన్నారా? హైదరాబాదు నిజాముకు ఆస్థాన ఫోటోగ్రాఫరు. ఈనాటి ఫ్లాషూ గొడుగూ లేని కాలంలో ఆయన తీసిన ముఖాలను ఈనాటికీ కళ్లప్పగించి చూస్తున్నాం.

బరంపురం స్టూడియో:
ఆయన పెద్ద పెద్ద కెమెరాలు, గాజు ప్లేట్లు మోయించుకుని తిరిగారు. ఆ రోజుల్లో అంతకన్నా ఖరీదైన సామాను ఎవరి దగ్గర ఉంది? పైగా ఊరికే తీయలేదు, కొలువులో ఉండి తీశారు. మీరు మాత్రం పదే పదే బిల్లు లేదంటారు. పోయిన నెల ఒక పెళ్లివారు నా ముందు కూర్చుని, "గుణుపురంలో ఒకాయన తలుపు దగ్గర ఊరికే తీసి ఇస్తున్నారట, మీకు పన్నెండు వేలు ఎందుకు?" అన్నారు. లైట్లకు తీసుకున్న అప్పు వాయిదా నెలనెలా కడుతున్నాను. మీకు ఒకటో తారీఖున జీతం వస్తుంది. నాకు ఫోటో తీస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

గుణుపురం మాస్టారు:
డబ్బు కోసం నేను ఎవరి నోటి దగ్గర కూడూ తీయలేదు. ఎందుకు ఊరికే తీస్తున్నానో చెబుతాను. మా అమ్మకు చిన్నప్పుడు మశూచి వచ్చి బుగ్గల నిండా మచ్చలు మిగిలాయి. నేను పాలు తాగుతూ తడిమిన బుగ్గలవి. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క ఫోటో, ఒక స్టూడియోలో ఎదురుగా రెండు లైట్లు పెట్టి తీసింది. పిండిబొమ్మలా ఉంటుంది. అమ్మ పోయాక దండ వేసింది దానికే. ఆ పటంలో ఎవరున్నారో మా చెల్లెలి పిల్లలకు తెలియదు, నాకూ తెలియదు. లైట్లంటే నాకు గుర్తొచ్చేది అదే.

పర్లాకిమిడి 85:
క్షమించండి మాస్టారు గారూ. నేను ముక్కు దగ్గరే ఆగిపోయాను.

బరంపురం స్టూడియో:
మాస్టారు గారూ, ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా రాసేవాడిని కాదు. కానీ ఆ తప్పు లైటుది కాదు. ఎదురుగా ఏ వెలుతురు పెట్టినా గుంటల్లో నీడ పడదు, మచ్చ కనిపించదు. పక్కకు జరిపితే ప్రతి మచ్చా కనిపిస్తుంది. ఫ్లాషైనా మీ తలుపైనా అంతే. ఆ మచ్చలు ఉంచాలా వద్దా అని మీ అమ్మగారిని అడగకపోవడం ఆ తీసినవాడి తప్పు. నేను కూర్చోబెట్టే ముందే అడుగుతాను. కొందరు తీసేయమంటారు, తీసేస్తాను. అది వాళ్ల ముఖం. మీరు ఊరికే తీయండి, కాదనను. కానీ బిల్లు లేదన్న ఆ ఒక్క మాట తీసేయండి. దాన్ని చదివి నా దగ్గరికి వచ్చేవాళ్లు ఉన్నారు.

గుణుపురం మాస్టారు:
ఆ వాక్యం తీసేస్తాను. ఏదీ కొనవద్దన్న మాట మాత్రం ఉంచుతాను.

రాయగడ కొత్త కెమెరా:
ఈ ఉదయం మా నాయనమ్మను తలుపు దగ్గర కూర్చోబెట్టాను. థర్మోకోల్ దొరక్క తాతయ్య తెల్ల పంచె పట్టుకుని నిలబడ్డారు. కంట్లో మెరుపు వచ్చింది, మాస్టారు గారూ. నుదుటి ముడతలన్నీ వచ్చాయి. సాయంత్రం మబ్బు పట్టాక మళ్లీ ప్రయత్నిస్తే వెలుతురు చాలక ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం) 6400కు వెళ్లి, ముఖమంతా ఇసుక చల్లినట్టు వచ్చింది. ఫ్లాషే కొంటున్నాను. బరంపురం అన్నా, గొడుగు లోపల తెల్లదా, వెండిరంగుదా?

బరంపురం స్టూడియో:
తెల్లదే. వెండిరంగుది నూనె రాసుకున్న నుదుటి మీద బాగా మెరుస్తుంది.

గుణుపురం మాస్టారు:
ఉదయం తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి బాబూ.