కొండపల్లి అడవిలో గుర్తుల్లేని కాలిబాట: వానల తర్వాత దారి, జాగ్రత్తలు

కృష్ణలంక (ప్రశ్న):
అందరికీ నమస్కారమండీ. నవంబరు రెండో ఆదివారం నలుగురం కొండపల్లి కొండలు ఎక్కుదామనుకుంటున్నాం. కోటకి కారు వెళ్ళే రోడ్డు కాకుండా, మూలపాడు వైపు అడవిలోంచి కాలిబాటన. మంగళగిరి, కోటప్పకొండ మెట్లు ఎక్కిన అలవాటే గానీ బోర్డులూ రంగు గుర్తులూ లేని దారి ఇదే మొదటిసారి. వానల తర్వాత నేల ఎలా ఉంటుంది? ఎలాంటి బూట్లు, మనిషికి ఎన్ని నీళ్ళు? దారి తప్పితే ఏం చెయ్యాలి? నైలాను తాడు కొనమని ఒకరు చెప్పారు, అవసరమేనా?

గుణదల:
ముందు అనుమతి సంగతి చూసుకోండి. అది రిజర్వు ఫారెస్టు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్తే నేరం. అటవీ శాఖ ఆఫీసులో అడిగేటప్పుడే ఏ దారి వాడుకలో ఉందో, తోడుకి స్థానికులెవరైనా వస్తారేమో కూడా కనుక్కోండి.

ఇక నేల. బెజవాడ చుట్టుపక్కల కొండల్లో ఖొండలైటు రాయి ఎక్కువ. ఎండకీ వానకీ అందులోని ఫెల్డ్‌స్పార్ మెత్తబడి మట్టవుతుంది, క్వార్ట్‌జ్, గార్నెట్ గింజలు గట్టిగా మిగిలిపోతాయి. వాలు బండ మీద అవి ఆవాలు పోసినట్టు పరుచుకుని ఉంటాయి. మనుషులు జారేది ఎక్కువగా అక్కడే, అదీ దిగేటప్పుడు. భయంతో ఒళ్ళు వెనక్కి వాల్చేస్తారు, దాంతో మడమ ముందుకి తన్నుకుపోతుంది. మోకాళ్ళు కాస్త వంచి, నడుము పాదాలకి సరిగ్గా పైన ఉండేలా చూసుకుని, అరికాలంతా ఆనేలా జానెడు జానెడు అడుగులు వెయ్యాలి. మరీ నిటారుగా ఉంటే పక్కకి తిరిగి దిగండి. బూటు అడుగున గాడులు నాలుగైదు మిల్లీమీటర్ల లోతుండాలి, మెత్తటి రబ్బరైతే మంచిది. అరిగిన జాగింగ్ బూట్లు ఈ గింజల మీద అస్సలు ఆగవు. కొత్త బూట్లయితే కనీసం రెండు వారాల ముందునుంచీ ఊళ్ళో వేసుకు తిరగండి.

అన్నిటికన్నా ముఖ్యం దారి గుర్తుపెట్టుకోవడం. అడవిలో కనబడే బాటల్లో చాలావరకు మేకలూ పశువులూ తొక్కినవే. ఎక్కేటప్పుడు ఆ బాటలన్నీ గట్టు మీద ఒకచోట కలుస్తాయి కాబట్టి ఎటు వెళ్ళినా పైకి చేరతారు. దిగేటప్పుడు అవే బాటలు అయిదారుగా చీలిపోతాయి, ఒక్క చీలిక తప్పితే కొండకి అవతలి పక్క తేలతారు. అందుకే ఎక్కేటప్పుడు బాట చీలిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి, ఒక ఫొటో తియ్యండి. తిరుగుప్రయాణంలో మీకు కనబడేది ఆ దృశ్యమే. ఫోనులో మ్యాపు ఇంటి దగ్గరే దింపుకుని, నడిచిన దారి రికార్డు చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే బ్యాటరీ నిలుస్తుంది.

తప్పిపోయామనిపిస్తే అక్కడే ఆగి, చివరిసారి ఖాయంగా తెలిసిన చోటుకి వెనక్కి ఎక్కండి. ఎంత ఒళ్ళునొప్పులైనా సరే. వాగు వెంట దిగితే ఊరు వస్తుందని చాలామంది అనుకుంటారు. మన కొండల్లో వాగు సగం దిగాక నిటారైన బండ అంచుకి తీసుకెళ్ళి వదిలేస్తుంది. అక్కణ్ణించి కిందికి దారుండదు, దిగొచ్చిన పాచిబండ మళ్ళీ ఎక్కడం ఇంకా కష్టం.

నల్లపాడు:
గుణదల గారు చెప్పినవాటికి కొన్ని కలుపుతాను. కొండవీడులో రోడ్డు వదిలి పాత బాటలు పట్టేవాళ్ళకీ ఇవే వర్తిస్తాయి.

నవంబరులో అసలు ఇబ్బంది గడ్డి. నడుమెత్తు పెరిగి రాళ్ళనీ గోతుల్నీ కప్పేస్తుంది, కాలు రెండు రాళ్ళ మధ్య పడితే చీలమండ బెణుకుతుంది. చేతిలో కర్ర ఉంచుకుని, ముందు దాంతో తడిమి తర్వాత అడుగు వెయ్యండి. జనవరికి గడ్డి ఎండి వాలు వైపే పడుకుంటుంది, అప్పుడది వరిగడ్డి పరిచినట్టు జారుతుంది. ఫిబ్రవరి దాటితే ఎండతో పాటు కార్చిచ్చు భయం.

వాన పడితే రెండు రోజులాగి వెళ్ళమంటారు. ఎండ తగిలే వైపుకి అది సరిపోతుంది. ఉత్తరం వైపు వాలులో, చెట్ల నీడలో బండ మీద పాచి ఇంకా చాలా రోజులు తడిగానే ఉంటుంది. నల్లగా మెరుస్తున్న బండ మీద కాలు పెట్టకండి.

వాలు ఎంతో ఇంటి దగ్గరే లెక్క కట్టొచ్చు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులో ఒక మిల్లీమీటరంటే నేల మీద 50 మీటర్లు, సమోన్నత రేఖల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. రేఖలు ఒక మిల్లీమీటరు ఎడంలో ఉంటే వాలు దాదాపు 22 డిగ్రీలు, మామూలుగా నడవొచ్చు. అర మిల్లీమీటరైతే 39 డిగ్రీల దాకా వస్తుంది, చేతులు ఆనకుండా నడవలేరు. అలాంటి ముక్క మీ దారిలో ఉంటే ఇంకో దారి చూడండి.

సమయానికి పాత లెక్క ఒకటుంది: చదునున 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అది చల్లటి దేశంలో, మంచి బాటకి వేసిన లెక్క. మన ముళ్ళకంపల్లో, ఉక్కలో దాన్ని రెట్టింపు చేసుకోండి. ఆరింటికల్లా నడక మొదలుపెట్టి, శిఖరం చేరినా చేరకపోయినా పదకొండుకి వెనక్కి తిరగండి. అయిదు గంటల నడకకి మనిషికి మూడు లీటర్లు తక్కువ కాదు. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు చొప్పున వేసుకోండి. పదకొండు కాకముందే సగం నీళ్ళు అయిపోతే అప్పుడే తిరిగిపోవాలి.

కృష్ణలంక:
చాలా ఉపయోగపడిందండీ. తాడు సంగతి ఎవరూ చెప్పలేదు. పాములూ, తేనెటీగల గురించి కూడా చెప్పండి.

సూర్యారావుపేట:
తాడు కొనకండి. బజార్లో దొరికే నైలాను తాడు బరువు పడితే సాగుతుంది, రాతి అంచుకి ఒరుసుకుంటే తెగుతుంది. దాన్ని కట్టే చెట్టో బండో నమ్మదగ్గదా కాదా తెలియాలంటే శిక్షణ కావాలి. తాడు లేనిదే దిగలేని చోటు ఎదురైతే వెనక్కి వచ్చెయ్యండి.

అంతకన్నా పెద్ద ప్రమాదం పైవాళ్ళ కాలు తగిలి దొర్లే రాయి. నిటారు చోట ఒకరి కింద ఒకరు నడవకండి. ఇరుకు చోట ఒకరు పూర్తిగా దాటాకే రెండోవాళ్ళు కదలాలి. రాయి కదిలితే వెంటనే "రాయి!" అని గట్టిగా అరవాలి. కిందున్నవాళ్ళు తల పైకెత్తి చూడకుండా సంచి నెత్తిమీద పెట్టుకుని కొండకి అతుక్కుపోవాలి. చేత్తో రాయి పట్టుకునే ముందు ఒకసారి కదిపి చూడండి, పట్టుకున్నాక బయటికి లాగకుండా కిందికి నొక్కండి.

ఆ చెయ్యి కంటికి కనబడని సందులో మాత్రం పెట్టకూడదు, పాములుండొచ్చు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషవిరుగుడు ఒక్కటే, కాబట్టి ఏ పామో చూపించడానికి దాన్ని పట్టుకునే పని పెట్టుకోవద్దు. కాటు పడితే ఉంగరం, వాచీ, బూటు తీసేసి, కర్ర ఆన్చి గుడ్డతో వదులుగా కట్టి ఆ అవయవం కదలకుండా చెయ్యండి. కొయ్యడం, పీల్చడం, బిగించి కట్టు కట్టడం వద్దు. కాటు సమయం రాసుకోండి. నిటారు వాలులో ముగ్గురు కలిసి ఒకణ్ణి మొయ్యడం దాదాపు అసాధ్యం, అందుకే 108కి వెంటనే ఫోన్ చేసి, ఫోనులో కనబడే అక్షాంశ రేఖాంశాల అంకెలు చదివి చెప్పండి. మీ నెట్‌వర్క్ లేకపోతే 112 కొట్టండి, వేరే కంపెనీ సిగ్నల్ ఉన్నా కలుస్తుంది. ఒకరు దగ్గర ఉండి, ఇద్దరు కలిసి కిందికి వెళ్ళాలి.

పెద్ద తేనెటీగలు వాలుబండల చూరు కింద పట్లు పెడతాయి. ఆ చుట్టుపక్కల అత్తరు, పొగ, కేకలు వద్దు. మీద పడితే ముఖం కప్పుకుని వచ్చిన బాటనే దూరంగా పరుగెత్తండి, అంచువైపు కాదు. ముళ్ళు ఎలా తీసినా ఫర్వాలేదు గానీ త్వరగా తియ్యండి. మనిషికొక ఈల ఉండాలి. ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదండి.

బయల్దేరే ముందు దారి, తిరిగొచ్చే గంట ఇంట్లో రాసి పెట్టండి. ఆ గంట దాటి ఎంతసేపటికి ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అదే కాగితం మీద రాయండి.