అప్‌డేట్: రోబో చేతి వేళ్ల బరువు, అరిగిపోతున్న గేర్లు

చిన్న రోబో చేతికి పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో 3డీ ప్రింటర్‌లో వేళ్లు ముద్రించాను, వాటిని కదిపే 9 గ్రాముల సర్వోలో (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటారు) ప్లాస్టిక్ గేర్ల పళ్లు ఊడిపోతున్నాయి, వేళ్లను అల్యూమినియంతో చేయాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చేయలేదు. తప్పు వేళ్లది కాదు. వస్తువును పట్టుకున్నాక కూడా సర్వో ఇంకా మూయాలని నెడుతూనే ఉంటుంది, ఆ భారమంతా గేర్ల మీదే పడుతుంది. మీరు చెప్పినట్టు సర్వోకూ వేలికీ మధ్య చిన్న స్ప్రింగు పెట్టాను. వారమైంది, ఒక్క పన్నూ పోలేదు!

ఆ ధైర్యంతో సర్వోను మణికట్టు నుంచి తీసి చేతి మొదట్లో బిగించాను. సైకిల్ బ్రేకులో లాగా గొట్టంలో నడిచే సన్నని తీగ వేళ్లను లాగుతుంది. కొసన బరువు తగ్గడంతో భుజం మోటారు వణుకు ఆగిపోయింది. ఇది నేను ఊహించని లాభం.

పీఎల్‌ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది కాబట్టి ఇంకాస్త వేడి తట్టుకునే పెట్‌జీ అనే ప్లాస్టిక్‌కి మారాను. వేలి మందం రెట్టింపు చేస్తే వంగడం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది, లోహం అక్కర్లేదు. కీళ్లలో ఎసిటాల్ (నున్నగా జారే గట్టి ప్లాస్టిక్) బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే చిన్న గొట్టాలు వేశాను.

తీగ మాత్రం సాగి వదులవుతోంది. బిగించే మర ఎక్కడ పెట్టాలో చెప్పగలరా?