మిర్యాలగూడ దిక్కు మోట పాటలు ఎవరికైనా గుర్తున్నాయా?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా నాయన చిన్ననాటి సంగతులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. కొన్నిచోట్ల ఆయనకు గుర్తు రావట్లేదు, అందుకే పెద్దలను అడుగుతున్నాను.

1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. అంతకుముందు మా దగ్గర జొన్న, సజ్జ, ఆముదాలే ఎక్కువ. వరి అంటే బాయి కింద ఒక మడో రెండు మళ్లో. తెల్లారకముందే ఎడ్లను కట్టి మోట కొట్టేవాళ్లట, అంటే ఎడ్లతో పెద్ద బొక్కెన లాగించి బాయిలోంచి నీళ్లు తోడేవాళ్లట. బొక్కెన పైకి వచ్చేటప్పుడు ఒక పాట, ఎడ్లు వెనక్కి నడిచేటప్పుడు ఇంకో పాట ఉండేదని నాయన అంటాడు. రాగం తీస్తాడు గానీ మాటలు అందవు. అవి నాకు చాలా ముఖ్యం. రెండు చరణాలు తెలిసినా దయచేసి రాయండి, మీ ఇంట్లో పెద్దవాళ్లు పాడితే ఫోన్‌లో రికార్డు చేసి పంపినా సంతోషమే.

ఇంకొకటి. కల్లం దగ్గర కమ్మరి, వడ్ల (వడ్రంగి), చాకలి వాళ్లకు చేసిన పనికి గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు కదా. మీ ఊళ్లో ఒక్కో నాగలికి ఎన్ని కుంచాలు (గింజల పాత కొలత) ఇచ్చేవాళ్లు? జొన్నలా, వడ్లా? హాలియా, నిడమనూరు, దేవరకొండ వైపు వాళ్లు కూడా చెప్పండి. ఊరి పేరు, సుమారుగా ఏ కాలం అన్నది తప్పకుండా రాయండి.