లింగ గుర్తింపు, లింగమార్పిడి, సిస్: ఈ మాటల సంగతి

ప్రశ్న: జెండర్ ఐడెంటిటీని "లింగ గుర్తింపు" అనొచ్చా? ట్రాన్స్‌జెండర్ అంటే లింగమార్పిడి చేయించుకున్నవాళ్లేనా?

జవాబు: ముందు రెండోది, ఎక్కువ చెరుపు దానితోనే. కాదండీ. లింగమార్పిడి అంటే ఆపరేషన్. ట్రాన్స్‌జెండర్ అంటే మనిషి. పుట్టినప్పుడు ఆస్పత్రి కాగితంలో ఆడ అనో మగ అనో రాసినదానికీ, తాము ఎవరమని తమకు తెలుసో దానికీ పొంతన లేనివాళ్లు, ఆపరేషన్ చేయించుకున్నా లేకపోయినా. అధికారులు ఆపరేషన్ కోసం పట్టుబట్టడం చెల్లదని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, అయినా మన పేపర్లలో "లింగమార్పిడి వ్యక్తి" ఇంకా పోలేదు. హిజ్రా వేరే మాట, గురువు, చేలా (శిష్యులు) వరసలతో నడిచే సమాజం పేరు. ట్రాన్స్ వాళ్లందరూ హిజ్రాలు కారు.

ఆ కాగితానికీ తమకు తెలిసినదానికీ పొంతన ఉన్నవాళ్లు సిస్‌జెండర్, పొట్టిగా సిస్. ఆ మాట అనగానే కొందరు తిట్టినట్టు ఊగిపోతారెందుకో! లాటిన్‌లో ట్రాన్స్ అంటే అవతల, సిస్ అంటే ఇవతల, అంతే. రోమన్లు ఆల్ప్స్ కొండలకు తమ వైపున్న గాల్ ప్రాంతాన్ని సిసాల్పైన్ అనీ, ఆ వైపుదాన్ని ట్రాన్సాల్పైన్ అనీ అన్నారు. ఇంటర్ కెమిస్ట్రీలో సిస్, ట్రాన్స్ ఐసోమర్లు బట్టీపట్టినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఇక లింగం. సంస్కృతంలో దీనికి గుర్తు అనే అర్థం ఉంది, తర్కంలో కొండమీది పొగ నిప్పుకు లింగం. ఆ లెక్కన "లింగ గుర్తింపు" అంటే గుర్తుకు గుర్తింపు అయి కూర్చుంది :) అసలు చిక్కు గుర్తింపుతోనే. అది ఎదుటివాళ్లు ఇచ్చేది, గుర్తింపు కార్డులా. ఇక్కడ చెప్పాల్సింది మనిషికి తన గురించి తనకు తెలిసినది. అందుకే నేను "జెండర్ అస్తిత్వం" అని రాస్తాను, స్త్రీవాద, దళిత సాహిత్యం చదివినవాళ్లకు అస్తిత్వం అలవాటైన మాటే. జెండర్‌కు తెలుగు వెతకను, టెన్షన్‌కు వెతుకుతున్నామా?

కామెంట్: మరి నపుంసక అని మన వ్యాకరణంలోనే ఉంది కదా?

జవాబు: ఉంది, సంస్కృతంలో ఫలం, వనం లాంటి మాటలకు. మనిషిని అంటే తిట్టే. పైగా తెలుగు సంస్కృతంలోని పుం, స్త్రీ, నపుంసక అనే ఆ మూడు గళ్లలో ఇమడదు. వ్యాకరణం రాసిన చిన్నయసూరి మహత్తు (మగవాళ్లను చెప్పే మాటలు), అమహత్తు (మిగతావి) అని వేరే లెక్క కట్టాడు. ఏకవచనంలో ఆమె "వచ్చింది", బస్సూ "వచ్చింది". బహువచనంలో ఆడా మగా అందరూ "వచ్చారు". అతనా ఆమా తేలకపోతే "తను" అందాం అంటారు గానీ, వచ్చాడా వచ్చిందా అని క్రియ దగ్గర దొరికిపోతాం. "వారు వచ్చారు" అంటే గౌరవమూ నిలుస్తుంది, చిక్కూ ఉండదు. అదీ కాదంటే ఎలా పిలవమంటారని వాళ్లనే అడగొచ్చు.