అయ్యవారికి శాలువా కప్పాలా, వద్దా?

ప్రశ్న: సూళ్లూరుపేట పూర్వ విద్యార్థి

ఉన్నత పాఠశాలలో మాకు జీవశాస్త్రం చెప్పిన అయ్యవారికి ఇప్పుడు 81 ఏళ్లు. కాలేయానికి వచ్చిన క్యాన్సర్ ముదిరిపోయిందనీ, ఇక ఇంటి దగ్గరే నొప్పి తెలియకుండా చూసుకోవడం మేలనీ వైద్యులు చెప్పి మూడు వారాలైంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఉద్యోగ విరమణ చేసేదాకా ఆయన కార్తీకం మొదలు మాఘం వరకు దాదాపు ప్రతి ఆదివారం ఏడెనిమిది మంది పిల్లలను సైకిళ్ల మీద దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువుకో, శ్రీహరికోట దారిలో పులికాట్ సరస్సు దగ్గరికో వెంటబెట్టుకొని పోయేవారు. నేలపట్టును 1976లోనే పక్షుల అభయారణ్యంగా ప్రకటించినా, మాకు మాత్రం అది గూడబాతుల (పెలికాన్ల) చెరువే. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండాక, నీళ్లలో మునిగి నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టుకునేవి. మా అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే బైనాక్యులర్. అయినా మొదటి పావుగంట దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. ముందు చెవులతో చూడమనేవారు. పెద్ద గూడబాతు గూటి దగ్గర దాదాపుగా నోరు విప్పదనీ, ఆ రొదంతా పిల్లలదేననీ, పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలోకి మెడదాకా దూర్చి చేపను తింటుందనీ మాకు చూపించింది ఆయనే. ఈనాటికీ ఎక్కడ నీటిగుంట కనిపించినా నా నడక దానంతట అదే నెమ్మదిస్తుంది.

మా తరగతివాళ్లు కల్యాణ మండపం మాట్లాడి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి ఘనంగా సన్మానం చేద్దామంటున్నారు. మనిషి ఉండగానే సంస్మరణ సభ పెట్టినట్టవుతుందేమోనని నాకు భయం. అలాగని ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, ఆ తర్వాత ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? ఇలాంటి ఘడియలో మీరేం చేశారో చెప్పగలరు.

జవాబు: హైదరాబాద్ నర్సు

నేను పన్నెండేళ్లుగా ఉపశమన చికిత్సలో పనిచేస్తున్నాను కాబట్టి ముందుగా మండపం ఆలోచన మానుకోమని చెబుతాను. కాలేయం దెబ్బతిన్నవారికి రోజంతా మగత కమ్ముతుంటుంది, ఒక్కోసారి మాట తడబడుతుంది. అలాంటి మనిషిని రెండు గంటలు వేదిక మీద కూర్చోబెడితే అది ఆయనకు శిక్షే అవుతుంది. వారి శ్రీమతికి ఫోన్ చేసి, ఆయన ఏ వేళకు తేటగా ఉంటున్నారో కనుక్కోండి. సాధారణంగా నొప్పి మాత్ర వేసుకున్న గంటకు మనిషి కాస్త కుదుటపడతాడు. ముగ్గురికి మించి వెళ్లకండి. మంచం పక్కన నిలబడి కాకుండా, ఆయన చూపుకు అందేలా కుర్చీలో కూర్చొని మాట్లాడండి.

"మీకేం కాదు సార్, మళ్లీ లేచి తిరుగుతారు" అనే మాట మాత్రం దయచేసి అనకండి. ఆ మాట విన్నాక రోగి తన మనసులోది చెప్పుకోలేక, వచ్చినవారినే ఓదార్చవలసి రావడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. ఇంకొకటి, వచ్చే పండక్కి వెళ్దామని వాయిదా వేయకండి.

జవాబు: నందికొట్కూరు ఆడపడుచు

వాయిదా ఏం చేస్తుందో నాకు తెలుసు. మా గొర్రెలు కాసిన తాత, వరసకు తాత కాకపోయినా మేమంతా అలాగే పిలిచేవాళ్లం, నాకు ఎనిమిదేళ్లప్పుడు రోళ్లపాడు పచ్చికబయలులో బట్టమేక పిట్టను (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్‌ను) చూపించాడు. పదిహేను కిలోల దాకా తూగగల ఆ పక్షి నేల మీదనే, గూడన్నది లేకుండా, ఒక్క గుడ్డు పెడుతుంది. గుడ్డు కనిపించిన వైపు మంద పోకుండా తాత చుట్టూ తిప్పి తోలుకుపోయేవాడు. అక్కడ 1988లో అభయారణ్యం ఏర్పడింది. కానీ చుట్టుపక్కల మెట్టలు సాగులోకి వచ్చాయి, పిట్ట కనుమరుగైంది. దేశం మొత్తం మీద ఇప్పుడు మిగిలినవి సుమారు 150 అంటున్నారు.

తాతకు ఒంట్లో బాగాలేదని తెలిసినప్పుడు నేను బెంగళూరులో ఉన్నాను. సంక్రాంతికి వెళ్తే చాలుననుకున్నాను. వెళ్లేసరికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నేను చెప్పవలసిందంతా చెప్పాను, ఆయన నా చెయ్యి పట్టుకొని విన్నాడు, కాబట్టి కృతజ్ఞత చెప్పుకోలేదన్న బాధ నాకు లేదు. అడగవలసినవి అడగలేదన్నదే నా బాధ. మగపిట్ట గొంతుసంచి పొంగించి మూలిగే చోట్లు మూడున్నాయని అనేవాడు. వాటిలో నాకు ఒక్కటే తెలుసు. అయ్యవారి దగ్గర పుస్తకాలేమైనా ఉంటే, వాటిని ముందు పెట్టుకొని ఆయన్నే అడగండి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. మా జిల్లాలోని కలివికోడినే తీసుకోండి. బ్రిటిష్ వైద్యుడూ పక్షిశాస్త్రజ్ఞుడూ అయిన జెర్డాన్ 1848లో లోకానికి తెలియజేసిన ఆ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే లెక్కలోకి పోయింది. దాన్ని 1986లో మళ్లీ వెలుగులోకి తెచ్చింది శాస్త్రవేత్తల అన్వేషణే గానీ, అడవిలో రాత్రిపూట తిరిగే అలవాటున్న ఐతన్న అనే స్థానికుడు దాన్ని పట్టి చూపించబట్టే అది సాధ్యమైంది. ఇలాంటి మనుషులకు తెలిసినది చాలావరకు కాగితం మీదికి ఎక్కదు; ఎక్కినా చదివి చెప్పగలిగేది వారే.

అయితే శాలువాను మరీ తీసిపారేయకు నాయనా. నేనూ పిల్లలను పాలకొండల్లో తిప్పినవాణ్ణే. ఏళ్ల తరబడి ఆదివారాలు ఇంటిపట్టున లేని మనిషి, ఆ ఆదివారాలు వృథా కాలేదని సొంతవాళ్ల ఎదుట వినాలనుకోవడం తప్పా? సన్మానం ఇంట్లోనే చేయండి, ఐదు నిమిషాల్లో ముగించండి. కానీ ఆ శాలువా మొదట ఆయన భార్యకు కప్పండి. మీ సైకిళ్లు బయలుదేరకముందే లేచి పొయ్యి వెలిగించింది ఎవరో మీలో ఒక్కరైనా రాస్తారని చివరిదాకా చదివాను, ఎవరూ రాయలేదు.

తిరిగి ప్రశ్న అడిగినవారు

పెద్దాయన చివరి వాక్యం చదివి సిగ్గుపడ్డాను. నాలుగింటికి లేచి మా అందరికీ ఇడ్లీలు వండి, విస్తరాకుల్లో పొట్లాలు కట్టి ఇచ్చింది అమ్మగారే.

నిన్న ఉదయం పదింటికి ముగ్గురం వెళ్లాం. శాలువా అమ్మగారికి కప్పితే, "ఇది ఆయనది కదరా, నాకెందుకు" అంటూనే తీయకుండా అలాగే వంటింట్లోకి వెళ్లి, అటక మీది ట్రంకుపెట్టె దింపించారు. అందులో 23 నోటు పుస్తకాలు ఉన్నాయి. తారీఖు, ఆ పక్కన "గూ.బా. 46, న.కొం. 112" అని పొట్టి అక్షరాలు, ఇవి మాకే అర్థమయ్యాయి. కానీ ప్రతి పేజీ మూలన "మె. 3" అనో "మె. 5" అనో ఉంది. అదేమిటని అడిగేసరికి, అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్న అయ్యవారు ఇటు తిరిగారు. చెరువు తూము దగ్గర నీళ్లు తాకిన మెట్టట. నీటి మట్టం రాయకపోతే గూళ్ల లెక్క ఎందుకూ పనికిరాదనీ, నీళ్లు తగ్గిన ఏడాది పక్షులు తగ్గితే అది వాటి తప్పు కాదనీ చెప్పారు. ఆ 46 పక్షులు కావు, గూళ్లు. ఆ తేడా నాకు గుర్తు లేనందుకు చీవాట్లు కూడా పడ్డాయి. కృతజ్ఞతలు చెబుదామని రాసుకుపోయిన కాగితం జేబులోనే ఉండిపోయింది. పాఠం మధ్యలో "మీ వల్లే సార్" అన్న ఒక్క ముక్క ఎలాగో బయటికి వచ్చింది. ఆయన తల ఊపి, పేజీ తిప్పమన్నారు.

ఇరవై నిమిషాలే అనుకున్నవాళ్లం గంటసేపు ఉన్నాం; ఆపమని అమ్మగారు సైగ చేశాకే లేచాం. ఒక పుస్తకం సగం కూడా పూర్తికాలేదు. వచ్చేస్తుంటే, ఈ ఏడు నీళ్లు ఎన్నో మెట్టు మీద ఉన్నాయని అడిగారు. ముగ్గురిలో ఎవరికీ తెలియదు. రేపు తెల్లవారుజామునే నేలపట్టు వెళ్లి చూసి, సాయంత్రంలోగా ఆయనకు చెప్పాలి.